మోచేతి ఆసరా కేసు

కాపలా 211
కాపలాదారులు: ఓబులేసు, ఈరమ్మ. వచ్చిన జోరీగలు: ఆరు. పడినవి: సున్నా.

గాలి పడమర నుంచి. ఎండ బాగుంది. ఆరు జోరీగలు వచ్చి మూడో వరస పలకల మీద వాలాయి, కడుపునిండా కరెంటు తాగి వెళ్లాయి. తొమ్మిది గుండ్లు కాల్చాను. ఒకటి మా నీళ్ల ట్యాంకుకు తగిలింది. కన్నం పూడ్చాను.

ఈ పుస్తకాన్ని ఏడాదికోసారి ఎవరో ఒక కొత్త తనిఖీదారు చదువుతాడు. ఆయన కోసం నాలుగు ముక్కలు. జోరీగలంటే పాత సరుకుల డ్రోన్లు. వాటిని నడిపిన కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి. పార్సిళ్లు లేవు, అందుకునేవాళ్లూ లేరు. ఎగరడం మాత్రం అవి మానలేదు. ఆకలైనప్పుడు మా ఎర్రమిట్ట లాంటి ఊళ్లు వెతుక్కుంటూ వచ్చి సోలార్ పలకలకు కొండి తగిలించి తాగుతాయి. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఇంటికి ఇద్దరు చొప్పున కాపలా ఉండాలి. ఒకరు పిస్టల్‌తో కాల్చాలి, ఒకరు లెక్క రాయాలి.

ఈరమ్మ నా భార్య. పోయి ఎనిమిది నెలలైంది. ఇరవై రెండేళ్లు ఆమె కాల్చింది, నేను రాశాను. ఇప్పుడు రెండు పనులూ నావే. ఫారంలో పేర్లకు రెండు గడులున్నాయి. రెండోది ఖాళీగా వదలడం ఇంకా కుదరలేదు.

రేషన్ బండితో పాటు సమాఖ్య నోటీసు వచ్చింది. రేపు చదువుతాను.

కాపలా 212
కాపలాదారులు: ఓబులేసు, ఈరమ్మ. వచ్చినవి: మూడు. పడినవి: సున్నా.

నోటీసు చదివాను. పన్నెండు నదుల సమాఖ్య, ఉపకరణాల శాఖ, నిబంధన నలభై ఒకటి. పిస్టల్‌కు తగిలించే ఏ పరికరమైనా భుజానికి ఆనించడానికి వీలుగా ఉంటే, ఆ పిస్టల్‌ను పెద్ద తుపాకిగానే లెక్కిస్తారట. పెద్ద తుపాకి ఇంట్లో ఉండాలంటే రాజధాని అనుమతి కావాలి. అది మా వైపు ఎవరికీ రాదు. అరవై రోజుల్లో ఆ పరికరాన్ని అప్పగించాలి, లేదా విరగ్గొట్టాలి. లేకపోతే అయిదేళ్లు జైలు.

కారణం లేని నిబంధన కాదు. పోయినేడు రాజధాని సంతలో ఒకడు అలాంటి పరికరాన్ని భుజానికి ఆనించి కాల్చాడు. ముగ్గురు చనిపోయారు. కానీ రాజధానిలో వానలెక్కువ, సోలార్ పలకలు లేవు, జోరీగలు అటు పోవు. అక్కడ కూర్చుని రాసినవారికి మా మోచేతి ఆసరా అంటే ఏమిటో తెలిసే దారి లేదు.

ఆసరా ఈరమ్మ చేసింది. పదకొండేళ్ల కిందట పలకల స్టాండు మీద నుంచి పడి ఆమె కుడి మణికట్టు వంకరపోయింది. ఆ చెయ్యి పిస్టల్ బరువు మోయలేకపోయింది. పగిలిన ప్లాస్టిక్ బిందెను సగానికి కోసి, గొడుగు కమ్మీలు పెట్టి, మంచం నవారుతో మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టుకుంది. పిస్టల్ దాని ముందు కొసకు బిగుస్తుంది. బరువు ముంజేతి మీద పడుతుంది, మణికట్టు ఊరకే ఉంటుంది. మోచేతి వెనక ఒక కిత్తనార కుంచె బిగించింది. కూలిన జోరీగ పలక మీద నూనె కక్కుతుంది. పది నిమిషాల్లో తుడవకపోతే ఎండకు అది పలకకు పట్టేస్తుంది. అందుకని ఎడమ చేత్తో స్టాండు పట్టుకుని, అదే కుడి చేత్తో కాల్చి, మోచేత్తో తుడిచేది. దూరం నుంచి చూస్తే పలకను కోపంగా పొడుస్తున్నట్టు ఉండేది.

చేతులు బాగాలేని ఇంకో పదకొండు మందికి చేసిచ్చింది. వాళ్లు నోటీసు చూసి ఆ పూటే తీసుకెళ్లి పంచాయతీ పెట్టెలో వేశారు.

మా ఇంట్లోది చిలక్కొయ్యకు వేలాడుతోంది. నా చెయ్యి అందులో దూరదు.

కాపలా 216
కాపలాదారులు: ఓబులేసు, ఈరమ్మ. వచ్చినవి: ఏడు. పడినవి: సున్నా.

పక్క వరస సంజమ్మక్క వచ్చింది. నాకంటే రెండేళ్లు పెద్ద. ఉగాది ముందు పక్షవాతం తగిలి ఆమె కుడి చెయ్యి సగం పడిపోయింది. అప్పటికి ఈరమ్మ లేదు, చేసిచ్చేవాళ్లు లేరు. కొయ్యకున్నది ఇవ్వమని అప్పుడే అడిగింది. చూస్తానన్నాను.

ఇవాళ కూడా చూస్తానన్నాను.

"ఉగాది నుంచి చూస్తానే ఉండావు తమ్ముడూ. కండ్లు నొయ్యలేదా?" అంది. "సర్కారుకిచ్చే బదులు నాకియ్యరాదా. వాళ్లకేం చేతులు పడిపోలేదు కదా."

సర్కారుకు ఇవ్వనని చెప్పాను. కోర్టుకు పోతానన్నాను. అంతకు ముందు క్షణం దాకా ఆ ఆలోచన నాకు లేదు.

నేను గురి పెట్టడం ఆమె కాసేపు చూసింది. కిందికి దిగి చెప్పులేసుకుంటూ, ట్యాంకుకు ఇనప రేకు చుట్టించమని సలహా ఇచ్చి వెళ్లింది.

ఆశ్వయుజ నవమి. కాపలా లేదు.

ఆయుధపూజ. ఈ ఒక్కరోజు జోరీగలకు విందు. ఎవరూ కాల్చరు.

పొద్దున్నే పనిముట్లన్నీ విప్పి కడిగి చాప మీద పరిచాను. మా ఊళ్లో పద్ధతి ఒకటుంది. ఎన్ని ముక్కలుగా విప్పినా పనిముట్టుకు బొట్టు ఒకటే. ఒకసారి నేను కొడవలి పిడికీ కొడవలికీ వేరువేరుగా పెడితే ఈరమ్మ తుడిచేసింది. ఒక మనిషికి రెండు నుదుళ్లుంటాయా అని అడిగింది. కాబట్టి పిస్టల్‌కు ఒకటి, నిచ్చెనకు ఒకటి, చీపురుకు ఒకటి, నీళ్ల డబ్బాకు ఒకటి, ఆసరాకు ఒకటి. కుంచె బాగా తడిసింది. ఊడదీసి గోడకు ఆనించాను. బొట్టు పెట్టాక మర్నాడు సూర్యోదయం దాకా దేన్నీ ముట్టకూడదు.

పదకొండింటికి ఉపకరణాల శాఖ ఇన్‌స్పెక్టర్ జయపాల్ వచ్చాడు. తీరం వైపు మనిషి. మర్యాదస్తుడు. చెమటకు చొక్కా వీపుకంటుకుపోయింది. మజ్జిగ ఇచ్చాను, రెండు గ్లాసులు తాగాడు. కోర్టుకు పోతానన్న మాట అప్పటికే అతని దాకా పోయింది. ఆసరాను పిస్టల్‌కు తగిలించి చూపమన్నాడు. ఈ రోజు ముట్టనని చెప్పాను. అతను బలవంతపెట్టలేదు. టేపును పైన గాలిలో పట్టుకుని కొలత తీసుకున్నాడు. ఫోటోలు తీశాడు. గోడకున్నదేమిటని అడిగాడు. కుంచె అని చెప్పాను.

అడిగినంతకే జవాబు చెప్పడం నా అలవాటు. ఈరమ్మకు అది నచ్చేది కాదు.

పోతూ కాగితం ఇచ్చాడు. 'పరికరం వెనక భాగం చదునుగా, భుజానికి అనువుగా ఉన్నది. యజమాని బిగించి చూపుటకు నిరాకరించెను.'

రెండూ నిజమే.

కాపలా 229
కాపలాదారులు: ఓబులేసు, ఈరమ్మ. వచ్చినవి: నాలుగు. పడినవి: సున్నా. (ఒకటి తనంతట తాను స్తంభానికి కొట్టుకుని పడింది. లెక్కలోకి తీసుకోలేదు.)

వకీలు ఖాసింబీ వచ్చింది. ముప్పై నాలుగేళ్లుంటాయి. ఈరమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకుని, ఆ డబ్బుతో లా చదివింది. నా దగ్గర ఫీజు తీసుకోనని ముందే చెప్పి, కాగితాలు చదవడం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టర్ రాసింది చదివి కళ్లజోడు తీసేసింది.

"సార్, ఆ కుంచె దీని తోకే అని ఒక్క మాట చెప్పింటే నోరేమన్నా అరిగిపోతుండెనా?"

ఆయన ఆ మాట అడగలేదని చెప్పాను.

ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తర్వాత వివరించింది. ఈ కేసుల్లో కోర్టు కొత్త వస్తువును చూడదు. శాఖ రాసుకున్న రికార్డునే చూస్తుంది. రికార్డులో ఆసరాకు కుంచె లేదు. ఇప్పుడు మనం బిగించి తీసుకెళితే, నోటీసు వచ్చాక తెలివిగా అతికించామంటారు.

అది చిన్న చిక్కట. పెద్దది వేరే ఉంది.

"మీ చేతులు రెండూ బంగారంలా ఉండాయి సార్. అదే మన కష్టం."

నిబంధన వల్ల నష్టపోయే మనిషే కేసు వేయగలడు. నాకు ఆసరా అక్కర్లేదు, నా చెయ్యి అందులో పట్టదు. గోడకు తగిలించుకోవడానికి కావాలంటే జడ్జి మొదటి నిమిషంలోనే కొట్టేస్తుంది. అవసరమున్న మనిషి పేరు మీదికి ఆసరాను రాసివ్వాలి. ఆ మనిషి దాన్ని కట్టుకుని వాడుతూ ఉండాలి.

కాగితం మీద రాసిస్తే చాలా అని అడిగాను. కేసు అయ్యాక తిరిగి ఇంటికి తెచ్చుకోవచ్చా అన్నది నా మనసులో ఉంది. ఆమె నా వైపు చూసి, ముందు రాసివ్వమంది. గడువుకు నలభై ఒక్క రోజులు.

కాపలా 231
కాపలాదారులు: ఓబులేసు, ఈరమ్మ. వచ్చినవి: అయిదు. పడినవి: సున్నా.

కాపలా ముందు సంజమ్మక్క ఇంటికి ఆసరా తీసుకెళ్లాను. కుంచె బిగించే తీసుకెళ్లాను. ఆమె రాగులు చెరుగుతోంది. ఒంటిచేత్తో చాటను తొడకు ఆనించి చెరుగుతోంది. విషయం చెప్పాను. కేసు కోసమని చెప్పాను.

"కేసుకైతేనేం, పెండ్లికైతేనేం. కట్టు" అంది.

ఆమె చెయ్యి ఈరమ్మ చేతికంటే లావు. నవారు ముడి విప్పితే గానీ పట్టదు. ఆ ముడి ఈరమ్మ వేసింది. పుష్యమాసంలో చివరి కాపలా రోజున, ఉదయం. అప్పటి నుంచి ఆయుధపూజకు కడిగినప్పుడు కూడా నేను దాన్ని విప్పలేదు. ముడితోనే కడిగాను.

సంజమ్మక్క ముడిని చూసింది, నన్ను చూసింది. చాట పక్కన పెట్టింది.

"నేను విప్పను. నువ్వే విప్పల్ల."

కొంచెం సేపు పట్టింది. నవారు ముడిలో బిగుసుకుపోయి ఉంది. పళ్లతో లాగాల్సి వచ్చింది. తర్వాత ఆమె కొలతకు మళ్లీ కట్టాను. నా ముడి అంత బాగా రాలేదు. ఆమె చెయ్యెత్తి అటూ ఇటూ తిప్పింది. ఏడు నెలల తర్వాత చెయ్యి తన మాట వింటోందని చెప్పింది. పెరట్లో మా ఇద్దరికీ నచ్చని పాత డబ్బా ఒకటి గోడ మీద ఉంటే కాల్చింది. పడింది.

కాగితం మీద వేలిముద్ర వేసింది. వాది: సంజమ్మ. సాక్షి: ఓబులేసు.

కాపలా చేయడానికి ఒక్కడినే తిరిగొచ్చాను. చిలక్కొయ్యకు టోపీ తగిలించాను.

కాపలా 240
కాపలాదారులు: ఊళ్లో లేము. పక్క వరసవాళ్లు చూశారు.

కోర్టు రైలు డోన్‌లో ఆగింది. నాలుగు పెట్టెలు. మొదటిది జడ్జికి, రెండోది విచారణకు, మూడోది కాగితాలకు, నాలుగోది వంటకు. నలభై రోజులకోసారి వచ్చి ఆరు రోజులుంటుంది. మాకు మూడో రోజు, పొద్దున పది గంటలు. విచారణ పెట్టెలో కిటికీ పక్క సీటు కోసం వాదులూ ప్రతివాదులూ పోటీ పడ్డారు. సంజమ్మక్కకు దొరికింది.

జడ్జి యాభై దాటిన మనిషి, ఆలూరు వైపు. సమాఖ్య వకీలు రాజధాని మనిషి, యువకుడు, బాగా చదువుకున్నవాడు. సంతలో చనిపోయిన ముగ్గురి పేర్లతో మొదలుపెట్టాడు. అందరూ తలలు దించుకుని విన్నారు. నేనూ విన్నాను. ఒకామె వయసు ఈరమ్మ వయసే.

తర్వాత ఖాసింబీ మాట్లాడింది. నిబంధన ముసాయిదా జనం ముందు పెట్టినప్పుడు అందులో బరువుకు ఇన్ని మార్కులు, పొడవుకు ఇన్ని మార్కులు అని పట్టిక ఉంది. అభ్యంతరాలు ఆ పట్టిక మీద తీసుకున్నారు. చివరికి అచ్చయిన నిబంధనలో పట్టిక మాయమై, ఇన్‌స్పెక్టర్‌కు ఏమనిపిస్తే అదే కొలత అయింది. చూపించింది ఒకటి, చేసింది ఒకటి. చూపించని దాని మీద అభ్యంతరం ఎలా చెబుతారు? జడ్జి రాసుకుంది.

అప్పుడు సమాఖ్య వకీలు ఈ పుస్తకం తెరిచాడు. ఆసరా ఎవరు వాడారో తేల్చడానికి పాత కాపలా పుస్తకాలన్నీ కోర్టు ముందే తెప్పించుకుంది, దీన్ని నాతో తెమ్మంది. ఈరమ్మ పుష్యమాసంలో చనిపోయిందని మరణ ధ్రువపత్రం చెబుతోందనీ, ఆశ్వయుజం దాకా ఆమె కాపలా కాసినట్టు ఈ పుస్తకం చెబుతోందనీ అన్నాడు. ఇలాంటి సాక్షి మాట కోర్టు ఎలా నమ్ముతుందని అడిగాడు. గట్టిగా అడగలేదు. అడగడం అతని పని.

జడ్జి నన్ను లేవమంది. ఎందుకు రాశారని అడిగింది.

ఫారంలో రెండు గడులున్నాయని చెప్పాను.

ఇంకేమైనా చెబుతారా అంది. లేదన్నాను. అది తప్పుడు లెక్కే. ఒప్పుకున్నాను. కాల్చిన లెక్క మాత్రం తప్పు రాయలేదని, తొమ్మిది నెలలుగా సున్నాలున్నాయి చూడమని చెప్పాను. పెట్టెలో ఎవరో దగ్గారు. జడ్జి పేజీలు తిప్పింది. అవసరమైన వాటికంటే కొన్ని ఎక్కువే తిప్పింది. పుస్తకం మూసి పక్కన పెట్టింది.

తర్వాత ఇన్‌స్పెక్టర్ తీసిన ఫోటోలు అడిగింది. చాప మీది ఫోటో కళ్లకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. సమాఖ్య వకీలును దగ్గరికి పిలిచింది.

"ఈ నిచ్చెనకు బొట్టుంది. చీపురుకుంది. నీళ్ల డబ్బాకు కూడా ఉంది. గోడకున్న ఈ కుంచెకెందుకు లేదప్పా?"

పెట్టడం మరిచిపోయి ఉంటారని అతను అన్నాడు.

పెట్టె అంతా నవ్వింది. రైలు వంటవాడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, వాడూ నవ్వాడు. జడ్జి నవ్వలేదు. నన్ను అడిగింది. ఈసారి అడగని మాట కూడా చెప్పాను. పనిముట్టును ఎన్ని ముక్కలుగా విప్పినా బొట్టు ఒకటేననీ, కుంచె విడి పనిముట్టు కాదనీ, ఆసరా తోక అనీ, ఆ రోజు ముట్టకూడదు కనుక బిగించలేదనీ, అది నా తప్పేననీ చెప్పాను. ఇంత పొడుగు మాట నేను ఈ మధ్య చెప్పలేదు.

మాకూ అదే పద్ధతని జడ్జి అంది. బొట్లు పెట్టింది పూజ కోసం, కేసు కోసం కాదు; ఫోటో తీసింది శాఖవారే. రికార్డులో కుంచె ఉంది, చూడడం తెలియలేదంతే అంది.

కుంచె బిగించిన ఆసరాను భుజానికి ఆనించి చూపమని సమాఖ్య వకీలునే అడిగింది. పిస్టల్ లేకుండా. అతను ఆనించాడు. కిత్తనార మెడలో గుచ్చుకుంది. ఇంకో వైపు తిప్పాడు. చెవిలోకి పోయింది. మంచివాడు, తానే నవ్వేశాడు.

కాపలా 241
కాపలాదారులు: ఊళ్లో లేము.

ఉత్తర్వు ఉదయం చదివారు. నిబంధన నలభై ఒకటి అమలును చేతుల బలహీనత ఉన్నవారి విషయంలో తుది తీర్పు వచ్చేదాకా ఆపారు. ముసాయిదాకూ నిబంధనకూ పొంతన లేదన్నది మొదటి కారణం. సంజమ్మ ఆసరా భుజానికి ఆనదన్నది రెండోది. సంత గురించి కూడా ఒక పేరా ఉంది. శాఖ మళ్లీ సరిగ్గా జనం ముందు పెట్టి కొత్త నిబంధన రాసుకోవచ్చని. అది న్యాయంగానే ఉంది.

చివర్లో ఒక షరతు. ఆసరా వాది దగ్గరే, వాది వాడకంలోనే ఉండాలి. చేతులు మారితే స్టే పోతుంది.

ప్లాట్‌ఫారం మీద ఖాసింబీని అడిగాను. తుది తీర్పుకు ఎంత కాలం పడుతుందని.

"నాలుగేండ్లు. రైలు టైముకొస్తే" అంది. కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, "సార్, మీకు ముందే చెప్పల్సింది. చెప్తే మీరు రాసిచ్చేటోళ్లు కాదు" అంది.

మీరు అడగలేదు కదా అని ఆమె కూడా నాలాగే అనవచ్చు. అనలేదు. ఆమెలో ఈరమ్మ శిష్యరికం అక్కడ తెలిసింది.

పంచాయతీ పెట్టెలో వేసిన పదకొండింటిలో నాలుగు విరగకుండా మిగిలాయట. వెనక్కిస్తారు.

బండిలో సంజమ్మక్క నా ఎదురుగా కూర్చుంది. ఆసరా కట్టుకునే ఉంది. దారంతా దాన్ని తడుముతూ ఉంది. ఇంటికి దగ్గరయ్యాక, తనకు షరతులూ గిరతులూ అర్థం కావని, కావాలంటే ఇచ్చేస్తానని చెప్పింది. ఆమెకు షరతు బాగానే అర్థమైంది. ఖాసింబీ రెండుసార్లు చెప్పడం నేను విన్నాను.

వద్దన్నాను. మధ్యాహ్నాలు ఆమెకు ఏం పని ఉంటుందని అడిగాను.

"రాగులు చెరగల్ల" అంది. "ఎందుకు?"

పలకల దగ్గర కూర్చుని కూడా చెరగవచ్చని చెప్పాను. లెక్క నేను రాస్తానన్నాను.

"నీ ట్యాంకు బతికిపోయిందిలే తమ్ముడూ" అంది.

కాపలా 242
కాపలాదారులు: ఓబులేసు, సంజమ్మ. వచ్చినవి: అయిదు. పడినవి: నాలుగు.

నాలుగూ ఆమెవే. అయిదోది తప్పించుకుంది. అది నన్ను గుర్తుపట్టి ధైర్యంగా వచ్చిందని ఆమె అనుమానం.

మూడో వరస నూనె పది నిమిషాల్లోపే తుడిచింది, మోచేత్తో. దూరం నుంచి చూశాను. పొడుస్తున్నట్టే ఉంది.

ముడి వదులైంది. మళ్లీ కట్టాను. ఈసారి బాగా వచ్చింది.